ఒక్క మెతుకు చాలదు – వీడియో గేముల్లో రంపపు అంచులు, మిణుకులు ఎందుకు వస్తాయి?

మొన్నామధ్య ఒక ఆదివారం మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు, చూడటానికి వచ్చిన వాళ్ళ నాన్న ఫోనులో కారు పందెం ఆడుతున్నాడు. మమ్మల్ని చూసి, "అన్నా, ఈ కరెంటు తీగ చూడు. దగ్గరికి పోతే తీగలాగే ఉంటది. దూరంగా ఉంటే ముక్కలు ముక్కలై మిణుకు మిణుకుమంటది. రోడ్డు అంచు కూడా మెట్లు మెట్లుగా కనబడతది. మా నాయనది తక్కువ రేటు ఫోను గదా, అందుకేనా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న వినగానే మాకు మా ఇంటర్వ్యూ గుర్తుకు వచ్చింది. హైదరాబాదులో ఆటలు తయారుచేసే ఒక కంపెనీకి వెళ్ళినప్పుడు మమ్మల్ని కూడా దాదాపు ఇదే అడిగారు. "దూరంగా ఉన్న టైల్స్ నేల, కెమెరా కదిలినప్పుడు ఎందుకు మిలమిలలాడుతుంది?" అన్నారు. "గ్రాఫిక్స్ కార్డు పవరు సరిపోదు సార్" అని చెప్పాం. ఆ ఉద్యోగం రాలేదు. ఆలోచిస్తే తమ్ముడు అనుకున్నదీ మేము చెప్పిందీ ఒకటే. వస్తువు చవకది కాబట్టి బొమ్మ బాగా లేదు అనుకోవడం మనకు అలవాటు. కానీ ఆ సమాధానం తప్పు. లక్ష రూపాయల కంప్యూటరులో కూడా, ఎవరూ మందు వేయకపోతే, ఆ తీగ అలాగే మిణుకుతుంది. అసలు కారణం ఏమిటో, దానికి ఇంజనీర్లు ఏ ఏ మందులు కనిపెట్టారో ఈ వ్యాసంలో వివరిస్తాము. పదో తరగతి లెక్కలు వస్తే చాలు, ఇదంతా అర్థమవుతుంది.

తెర అంటే గళ్ళ కాగితం

ఫోను తెర అయినా, కంప్యూటరు తెర అయినా చిన్న చిన్న గళ్ళతో తయారైనదే. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. ఫుల్ హెచ్.డి. తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 గళ్ళు ఉంటాయి. రెండింటినీ గుణిస్తే 20,73,600. ఒక సమయంలో ఒక గడికి ఒకే రంగు ఉంటుంది. సగం నలుపు, సగం తెలుపు అని ఒకే గడిలో వేయడం కుదరదు. ఇదే అన్ని కష్టాలకూ మూలం.

మీ దగ్గర ఉన్న గ్రాఫ్ కాగితం మీద ఈ చిన్న ప్రయోగం చేయండి. మూల బిందువు నుండి (10, 3) బిందువు వరకు ఒక సరళరేఖ గీయండి. రేఖ కింది భాగం నలుపు, పై భాగం తెలుపు అనుకుందాం. ఇప్పుడు ఒక నియమం పెట్టుకోండి: గడి నడిమధ్య బిందువు రేఖ కింద ఉంటే ఆ గడి మొత్తం నలుపు, పైన ఉంటే మొత్తం తెలుపు. ఒక్కొక్క నిలువు వరుసలో ఎన్ని గళ్ళు నల్లబడ్డాయో లెక్కపెడితే వరుసగా 0, 0, 1, 1, 1, 2, 2, 2, 3, 3 వస్తాయి. గీసింది నున్నటి గీత, వచ్చింది మూడు మెట్లు. ఆటల్లో రోడ్డు అంచు రంపపు పళ్ళలా కనిపించడానికి కారణం ఇంతే.

ఇప్పుడు అడుగు వరుసలోని మొదటి మూడు గళ్ళను మళ్ళీ చూడండి. వైశాల్యం లెక్కగడితే మొదటి గడిలో 15 శాతం, రెండో గడిలో 45 శాతం, మూడో గడిలో 75 శాతం రేఖ కింద ఉన్నాయి. మన నియమం మాత్రం వాటికి 0, 0, 100 అని మార్కులు వేసింది. రేఖలో తప్పు లేదు, కాగితంలో తప్పు లేదు. గడి మొత్తం గురించి ఒక్క నడిమధ్య బిందువునే అడిగి తీర్పు చెప్పడంలో తప్పు ఉంది.

మెతుకు సామెత

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలంటారు. ఇంట్లో చిన్న గిన్నెకు ఆ సామెత నిజమే. మన హాస్టల్ వంట మనిషిని అడగండి. వందమందికి వండే పెద్ద గిన్నెలో అడుగున మాడి ఉంటుంది, పైన పలుకు ఉంటుంది, నడుమ సరిగ్గా ఉడికి ఉంటుంది. అక్కడ ఒక్క మెతుకు పట్టుకుంటే, ఏ మెతుకు చేతికి వచ్చిందో దాన్ని బట్టే తీర్పు. అంతా ఒకేలా ఉన్నచోట ఒక్క మెతుకు చాలు. గడి గడికీ, గింజ గింజకూ మారిపోయేచోట చాలదు.

ఇలా మెతుకు పట్టి చూడటాన్ని ఇంజనీర్లు శాంప్లింగ్ అంటారు. ఎన్ని మెతుకులు పట్టాలో చెప్పే సూత్రం కంప్యూటరు ఆటల కంటే చాలా పాతది. టెలిగ్రాఫు సంకేతాల మీద 1928లో హ్యారీ నైక్విస్ట్ రాసిన పత్రం, 1949లో క్లాడ్ షానన్ రాసిన పత్రం దీనికి పునాదులు. ఒక అల సెకనుకు ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగుతుందో, దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. తక్కువసార్లు కొలిస్తే ఆ అల కనబడకుండా పోవడమే కాదు, ఇంకొక నెమ్మది అలలాగా వేషం వేసుకొని కనిపిస్తుంది. ఏలియాస్ అంటే మారుపేరు కదా, అందుకే ఈ దోషానికి ఏలియాసింగ్ అని పేరు వచ్చింది.

ఈ మారువేషం మనందరం చూసిందే. సినిమాలో ముందుకు పోతున్న బండి చక్రం ఒక్కోసారి వెనక్కు తిరుగుతున్నట్లు కనిపిస్తుంది. సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలే తీస్తుంది. రెండు బొమ్మల మధ్య చక్రం ఆకు తన ముందున్న ఆకు ఉన్న చోటికి కొంచెం తక్కువగా చేరితే, మన కంటికి అది వెనక్కు జరిగినట్లే ఉంటుంది. టీవీలో ఎవరైనా సన్నని గీతల చొక్కా వేసుకొస్తే దాని మీద లేని అలలు పాకుతాయి. అదీ ఇదే.

కంప్యూటరు బొమ్మల్లో కనిపించే రంపపు అంచులు, మిణుకులు ఈ దోషమేనని వివరంగా చెప్పినవాడు ఫ్రాంక్ క్రో. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీద పరిశోధన చేసి, 1977లో పత్రం ప్రచురించాడు. కంప్యూటరు బొమ్మల మీద పనిచేసేవారు ఇప్పటికీ ఆ పత్రాన్ని తలుచుకుంటారు.

మిణుకు ఎందుకు వస్తుంది?

మెట్లు ఆగిపోయిన బొమ్మలో కనిపిస్తాయి. మిణుకు కదిలే బొమ్మలో వస్తుంది. తమ్ముడు అడిగిన కరెంటు తీగనే తీసుకుందాం. అది దూరంగా ఉంది, నిలువుగా వేలాడుతోంది. తెర మీద దాని మందం గడిలో నాలుగో వంతు. మనం గడి నడిమధ్య ఒక్క బిందువునే అడుగుతాం. కారు కదులుతూ ఉంటే తీగ గడిలో కొంచెం కొంచెంగా జరుగుతుంది. అది గడిలో ఉండగలిగిన నాలుగు స్థానాల్లో ఒక్క స్థానంలోనే నడిమధ్య బిందువును తాకుతుంది. తాకిన ఫ్రేములో గడి పూర్తిగా నలుపు, మిగతా మూడు ఫ్రేముల్లో తీగ మాయం. సెకనుకు 60 ఫ్రేములు వస్తుంటే ఈ నలుపు, మాయం ఆట మన కంటికి మిణుకుగా తోస్తుంది. తీగ కొంచెం వంపుగా ఉంటే కొన్ని గళ్ళలో తాకి, కొన్నింటిలో తాకక ముక్కలుగా కనబడుతుంది.

నిజానికి ఆ గడి ప్రతి ఫ్రేములోనూ 25 శాతం నలుపుగా, అంటే లేత బూడిద రంగులో ఉండాలి. ఈ 25 శాతం అనే సంఖ్యను గుర్తుపెట్టుకోండి. కింద చెప్పే మందులన్నీ ఈ సంఖ్యను రాబట్టడానికి చేసే ప్రయత్నాలే.

మొదటి మందు: నాలుగు మెతుకులు పట్టడం

ఒక గడిలో ఒక్క బిందువుకు బదులు నాలుగు బిందువులను అడిగి, నాలుగు రంగుల సగటు తీసుకోవడం మొదటి మార్గం. దీనిని సూపర్ శాంప్లింగ్ అంటారు. 2000 సంవత్సరంలో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ ఊడూ 5 అనే కార్డుతో ఈ సౌకర్యాన్ని ఇంటి కంప్యూటరులో ఆటలాడేవారికి అందించింది.

ఇక్కడొక చిన్న కిటుకు ఉంది. నాలుగు బిందువులను రెండు వరుసలలో రెండేసి చొప్పున నిలబెడితే మన నిలువు తీగకు పెద్ద లాభం లేదు. ఒకే నిలువులో ఇద్దరు ఉన్నారు కాబట్టి తీగ తాకితే ఇద్దరినీ తాకుతుంది, లేకపోతే ఎవరినీ తాకదు. 50 శాతం, 0 శాతం అని మిణుకు మిగులుతుంది. అందుకని గడిని 4 అడ్డు, 4 నిలువు భాగాలుగా చేసి, పరీక్ష హాలులో కాపీ కొట్టకుండా పిల్లలను కూర్చోబెట్టినట్లు, ఏ అడ్డు వరుసలోనూ ఏ నిలువు వరుసలోనూ ఇద్దరు పడకుండా నాలుగు బిందువులను సర్దుతారు. అప్పుడు తీగ ఎక్కడికి జరిగినా నలుగురిలో ఒక్కరిని తాకుతుంది. ప్రతి ఫ్రేములో 25 శాతం. మిణుకు పోయింది.

అయితే ఖర్చు చూడండి. ఫుల్ హెచ్.డి. తెరలో 60 ఫ్రేములకు గడికి ఒక్కసారి రంగు లెక్కగట్టినా సెకనుకు 12 కోట్ల 44 లక్షల లెక్కలు. నాలుగు బిందువులయితే 49 కోట్ల 76 లక్షలు. ఒక్కొక్క లెక్కలో వెలుతురు, నీడ, గోడ మీది బొమ్మ అన్నీ ఉంటాయి. ఒక ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీ సెకన్లే. అందుకే ఈ మందు మంచిదే కానీ చాలా ఖరీదైనది.

రెండో మందు: అంచుల దగ్గరే ఎక్కువ అడగడం

గోడ నడుమ ఉన్న గడిలో నాలుగు బిందువులు అడిగినా దాదాపు ఒకటే రంగు చెబుతాయి. తేడా వచ్చేది అంచుల దగ్గరే. కాబట్టి "ఈ వస్తువు నిన్ను తాకిందా?" అనే చవక ప్రశ్న నాలుగు బిందువులకూ వేసి, "నీ రంగు ఏమిటి?" అనే ఖరీదైన ప్రశ్న మాత్రం ఒక వస్తువుకు గడికి ఒక్కసారే వేస్తారు. దీనిని మల్టీ శాంప్లింగ్, పొట్టిగా ఎం.ఎస్.ఏ.ఏ. అంటారు. 2001లో వచ్చిన ఎన్విడియా జీఫోర్స్ 3 కార్డుతో ఇది ఇళ్ళలోకి వచ్చింది.

ఫోన్ల విషయంలో ఒక మంచి సంగతి ఉంది. చాలా ఫోన్ల గ్రాఫిక్స్ చిప్పులు తెరను చిన్న చిన్న ముక్కలుగా చేసుకొని, ఒక ముక్కను పూర్తిగా చిప్పు లోపలి మెమరీలోనే గీసి బయటకు పంపుతాయి. నాలుగు బిందువుల లెక్క అంతా లోపలే తేలిపోతుంది కాబట్టి వాటికి ఎం.ఎస్.ఏ.ఏ. తక్కువ ఖర్చుతో దొరుకుతుంది. తక్కువ రేటు ఫోనులో కూడా ఈ మందు పనిచేస్తుంది.

దీని లోపం ఏమిటంటే వస్తువు అంచు కాని చోట వచ్చే మిణుకును ఇది ఆపలేదు. ఆటల్లో చెట్టు ఆకులు, ఇనుప జాలి చాలాసార్లు విడివిడి వస్తువులు కావు. ఒక పలక మీద బొమ్మ అంటించి, ఆకు లేని చోట కనపడకుండా చేస్తారు. తడి రోడ్డు మీది మెరుపు కూడా అంతే. ఇవన్నీ రంగు లెక్కలోనే పుడతాయి, ఆ లెక్క ఒక్కసారే జరుగుతోంది.

మూడో మందు: ముందుగానే సగటు చేసి పెట్టుకోవడం

మేము ఇంటర్వ్యూలో చెప్పలేకపోయిన సమాధానం ఇదే. టైల్స్ నేల దగ్గరగా ఉన్నప్పుడు ఒక టైలు వంద గళ్ళు ఆక్రమిస్తుంది. దూరం పోయేకొద్దీ ఒకే గడిలోకి పది టైల్స్ వచ్చి పడతాయి. ఆ గడి ఒక్క బిందువును అడిగితే ఒక ఫ్రేములో నల్ల టైలు, మరొక ఫ్రేములో తెల్ల టైలు సమాధానం చెబుతుంది. నేల మొత్తం మిలమిలలాడుతుంది.

దీనికి 1983లో లాన్స్ విలియమ్స్ చక్కని ఉపాయం చెప్పాడు. నేల బొమ్మను ఆట మొదలుకాక ముందే సగం సైజుకు, అందులో సగానికి, మళ్ళీ సగానికి కుదించి, ప్రతిసారీ నాలుగేసి చుక్కల సగటు తీసి దాచిపెట్టుకోవడం. దగ్గర నేలకు పెద్ద బొమ్మ, దూరపు నేలకు చిన్న బొమ్మ వాడతారు. దీనిని మిప్ మ్యాపింగ్ అంటారు. మిప్ అనేది కొంచెంలో ఎంతో అనే అర్థమిచ్చే లాటిన్ మాటల మొదటి అక్షరాల కూర్పు. ఎక్కువ మెమరీ ఎంత కావాలి? నాలుగో వంతు, దానిలో నాలుగో వంతు, మళ్ళీ దానిలో నాలుగో వంతు. ఇది గుణశ్రేఢి. మొత్తం 1/3 దాటదు. మూడో వంతు మెమరీ ఎక్కువ ఇస్తే నేల మిణుకు ఆగిపోతుంది. నలభై ఏళ్ళు దాటినా ప్రతి గ్రాఫిక్స్ చిప్పులో ఈ ఉపాయం ఉంది.

నాలుగో మందు: గీసిన తర్వాత దిద్దడం

బొమ్మ గీయడం పూర్తయ్యాక అందులో మెట్లు ఎక్కడున్నాయో వెతికి, ఆ చోట రంగులు కొంచెం కలిపేయడం ఇంకొక పద్ధతి. ఇంటెల్‌లో పనిచేసిన అలెగ్జాండర్ రెషెటోవ్ 2009లో ఈ దారి చూపాడు. 2010లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ 3 ఆటలో ఈ రకం పద్ధతి వాడారు. ఎన్విడియాలో టిమోతీ లోట్స్ తయారుచేసిన ఎఫ్.ఎక్స్.ఏ.ఏ. ఇంకా తేలికైనది, అందుకే వెంటనే వ్యాపించింది.

ఇది తక్కువ ఖర్చుతో మెట్లను నున్నగా చేస్తుంది. కానీ మన తీగ సంగతి? ఆ ఫ్రేములో నడిమధ్య బిందువు తీగను తాకనే లేదు. లేని తీగను దిద్దడం ఎవరి తరం? పైగా రాతలు, సన్నని గీతలు కూడా మెట్లే అనుకొని ఒక్కోసారి మసక చేస్తుంది. గుండ్రటి మన తెలుగు అక్షరాలు చిన్న సైజులో ఉంటే ఈ మసక ఇంకా తెలుస్తుంది.

ఐదో మందు: నిన్నటి సమాధానం గుర్తుపెట్టుకోవడం

ఒకే ఫ్రేములో నాలుగు మెతుకులు పట్టే స్తోమత లేనప్పుడు నాలుగు ఫ్రేముల్లో ఒక్కొక్క మెతుకు పట్టవచ్చు కదా? ఇదే టెంపొరల్ పద్ధతి, పొట్టిగా టి.ఏ.ఏ. ప్రతి ఫ్రేములోనూ అడిగే బిందువును గడి లోపలే కొంచెం జరుపుతారు. పాత ఫ్రేముల సగటును దాచుకొని, కొత్త ఫ్రేముకు సుమారు పదో వంతు బరువు ఇచ్చి కలుపుతారు. నాలుగింటిలో ఒకసారి తీగ తగిలితే సగటు 25 శాతం దగ్గరే నిలుస్తుంది. ఎపిక్ కంపెనీలో బ్రయాన్ కారిస్ 2014లో అన్‌రియల్ ఇంజన్ 4 కోసం దీనిని ఎలా చేశారో వివరించిన తర్వాత పెద్ద ఆటలన్నింటిలో ఇది మామూలైపోయింది.

దీనికీ ఒక చిక్కు ఉంది. వస్తువులు కదులుతాయి. ఈ గడిలో ఉన్నది పోయిన ఫ్రేములో ఎక్కడుందో లెక్కగట్టి, అక్కడి పాత రంగును తెచ్చుకోవాలి. కారు పక్కకు జరిగి వెనకాల గోడ కొత్తగా బయటపడితే, ఆ గోడకు పాత సమాధానమే లేదు. పొరపాటున కారు రంగునే తెచ్చుకుంటే కారు వెనక దెయ్యంలాంటి చార కనిపిస్తుంది. దాన్ని ఆపడానికి, పాత రంగు చుట్టుపక్కల 9 గళ్ళ రంగుల హద్దులో లేకపోతే దాన్ని ఆ హద్దులోకి లాగేస్తారు. కానీ మన తీగ తాకని ఫ్రేములో చుట్టుపక్కల గళ్ళలో కూడా నలుపు ఉండకపోవచ్చు. అప్పుడు నిజమైన తీగ జ్ఞాపకం కూడా దెయ్యంతో పాటు తుడిచిపెట్టుకుపోతుంది, మిణుకు మళ్ళీ వస్తుంది. ఏ పాత జ్ఞాపకాన్ని నమ్మాలి, దేన్ని వదిలేయాలి అనేదే ఇందులో అసలు కష్టం. ఎక్కువ నమ్మితే చారలు, మసక. తక్కువ నమ్మితే మిణుకు.

ఈ తీర్పును ఇప్పుడు కొన్నిచోట్ల కృత్రిమ మేధకు అప్పగించారు. 2018లో మొదలై 2020లో రెండో రూపంలో వచ్చిన ఎన్విడియా డి.ఎల్.ఎస్.ఎస్. పద్ధతిలో, ఏ పాత రంగును ఎంత నమ్మాలో శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్ తేలుస్తుంది. ఫుల్ హెచ్.డి.లో గీసి, దానికి నాలుగు రెట్లు గళ్ళున్న 4కె తెరకు సరిపోయే బొమ్మను రాబట్టగలదు. 2022లో ఎ.ఎం.డి. తెచ్చిన ఎఫ్.ఎస్.ఆర్. 2 న్యూరల్ నెట్‌వర్క్ లేకుండా, మనుషులు రాసిన నియమాలతోనే ఇలాంటి పని చేస్తుంది.

తమ్ముడికి సమాధానం

ఆటల సెట్టింగుల్లో యాంటీ ఏలియాసింగ్ అని కనిపిస్తే ఇకమీదట అదేమిటో మీకు తెలుసు. ఎం.ఎస్.ఏ.ఏ. ఉంటే, ఆట ఆగి ఆగి నడవకపోతే అది పెట్టుకోండి. అంచులు నున్నబడతాయి, మసక రాదు. ఆట నెమ్మదిస్తే ఎఫ్.ఎక్స్.ఏ.ఏ. పెట్టండి. ఆకులు, జాలీలు, మెరుపులు ఎక్కువ మిణుకుతుంటే టి.ఏ.ఏ. మంచిది, కొంచెం మసకను భరించాలి. అన్ని రోగాలకూ ఒకే మందు లేదు.

మరి ఫోను రేటు మాటేమిటి? ఖరీదైన ఫోనులో గళ్ళు ఎక్కువుంటే మెట్లు చిన్నవవుతాయి, చిప్పు వేగమైనదైతే ఎక్కువ మెతుకులు పట్టగలదు. అంతవరకు నిజమే. కానీ గళ్ళు ఎన్ని పెంచినా గడి కంటే సన్నని తీగ ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటుంది. 1977లో ఫ్రాంక్ క్రో పట్టుకున్న దోషం నేటి లక్షల రూపాయల యంత్రంలోనూ ఉంది. "మీ నాయన ఫోను తప్పు కాదు తమ్ముడూ, ఒక్క బిందువునే అడిగి తీర్పు చెప్పడం తప్పు" అని ఆ రోజు వాడికి గ్రాఫ్ కాగితం మీద గీసి చూపించాం. వాడు గళ్ళు నింపి, మూడు మెట్లు లెక్కపెట్టి, "మరి నాలుగు బిందువులు పెడితే ఎట్లుంటది అన్నా?" అని మళ్ళీ మొదలుపెట్టాడు.

మేమూ ఒక్క ఇంటర్వ్యూలో తప్పు చెప్పాం. అది ఒక్క మెతుకే అనుకొని ఈ విషయం మొదటి నుండి చదువుకున్నాం. మళ్ళీ ఎవరైనా అడిగితే ఈసారి తడబడం. మీరు కూడా ఒక్క పరీక్ష మార్కు చూసుకొని లెక్కలు మనవి కావని వదిలేయవద్దు. సగటు, వైశాల్యం, గుణశ్రేఢి – ఈ వ్యాసంలో వాడిన లెక్కలు ఇవే, ఇవన్నీ మీ పుస్తకాల్లోనే ఉన్నాయి. గ్రాఫ్ కాగితం తీసుకొని ఈ రాత్రి స్టడీ అవర్‌లో ఒకసారి చేసి చూడండి. ఎక్కడైనా ఆగిపోతే మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు అడగండి.